తేదీ ఎవరు పెట్టాలె? మన దిక్కు ఆపరేషన్ కాన్పుల కథ, దానికి కావాల్సిన తయారీ

మన జైపూర్ మండలంలో డెబ్బై ఏండ్లు దాటిన ఏ అవ్వనైనా కాన్పు ఎక్కడైందని అడిగితే ఇంట్లో ఒక మూల చూపిస్తది. ఆమె కోడలిని అడిగితే దవాఖాన పేరు చెప్తది. మనుమరాలిని అడిగితే కాన్పు కాకముందే తేదీ, టైము కూడా చెప్తది. మూడు తరాల్లోనే ఇంత మార్పు వచ్చింది. గ్రామ సంఘం మీటింగుల్లో "ఆపరేషన్ ఉన్నది, అప్పు కావాలె" అన్న మాట ఇప్పుడు కొత్తది కాదు. అందుకే పొదుపులు, కిస్తీల లెక్కల నడుమ ఈ సంగతి కూడా రాసుకుంటున్నాం.

ముందుగా ఆ మూల గురించి చెప్పుకోవాలి. నొప్పులు మొదలైతే మంత్రసానికి కబురు పోయేది. ఆమె వచ్చేసరికి నీళ్లు కాగుతుండాలి, ఉతికిన పాత చీరలు తీసిపెట్టి ఉండాలి, దీపంలో నూనె ఉండాలి. 1970ల నుంచి సర్కారు మంత్రసానులకు శిక్షణ ఇచ్చింది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, బొడ్డుకు ఏమీ పూయకుండుట. ఈ అయిదు శుభ్రతలతోనే ధనుర్వాతం నుంచి ఎంతోమంది పసిగుడ్లు బతికారు. చదువు లేకపోయినా ఆ తయారీ అంతా ఆడవాళ్ల చేతుల్లోనే ఉండె. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తది.

మంత్రసాని చేయలేనివీ ఉండె. బిడ్డ అడ్డం తిరిగితే, మాయ ముందుకొస్తే, రక్తం ఆగకపోతే ఆమె దగ్గర మందు లేదు. బాయిల పనిచేసే ఇంటి ఆడవాళ్లకు సింగరేణి కంపెనీ దవాఖాన ఉండేది. పక్క ఊర్లల్ల కైకిలికి పోయే ఇంటికి అది లేదు. 2016 అక్టోబరులో మంచిర్యాల జిల్లా అయ్యేదాకా మనం ఆదిలాబాద్ జిల్లా కింద ఉన్నాం. జిల్లా కేంద్రం ఎంత దూరమో పింఛను పనికి పోయినవాళ్లకు తెలుసు. కష్టమైన కాన్పంటే గోదావరి దాటి కరీంనగర్‌కో, వరంగల్‌లోని సీకేఎం దవాఖానకో పోవాలె. దారిలోనే పానం పోయినవాళ్ల కథలు ఏ ఊర్లో అడిగినా వినబడతయి.

ఇక ఆపరేషన్ సంగతి. సిజేరియన్ అన్న పేరు రోమ్ రాజ్యపు సీజర్ అట్ల పుట్టినందుకే వచ్చిందని చాలామంది చెప్తరు. అది నిజం కాదు. సీజర్ పెద్దయినంక కూడా వాళ్లమ్మ బతికే ఉన్నది, ఆ రోజుల్లో కడుపు కోస్తే తల్లి బతికేది కాదు. చనిపోయిన తల్లి కడుపులోంచి బిడ్డను తీయడానికే అప్పట్లో ఆ కోత. బతికున్న తల్లికి కోసి, ఆమె లేచి తిరిగేలా చేయడానికి వందల ఏండ్లు పట్టింది. 1847లో క్లోరోఫామ్ మత్తు వచ్చింది. 1882లో జర్మనీ డాక్టరు మాక్స్ సాంగర్ గర్భసంచి కోతకు కూడా కుట్లు వేయాలని చూపించాడు. అంతకుముందు పై కోతకే కుట్లు వేసి, లోపలిది దానంతట అదే మానుతదని వదిలేసేవారు. రక్తం పోయే తల్లులు చనిపోయేవారు. చేతులు, పనిముట్లు శుభ్రంగా ఉంచుట, రక్తం ఎక్కించుట, యాంటీబయాటిక్ మందులు ఒక్కొక్కటిగా తోడయ్యాకే ఈ ఆపరేషన్ ధైర్యంగా చేయగలిగారు.

ఇందులో మన హైదరాబాద్ పాత్ర కూడా ఉన్నది. క్లోరోఫామ్ ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో నిజాం ప్రభుత్వం ఖర్చుతో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు పనిచేశాయి. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు వాటిని నడిపించాడు. ఆయన దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే మత్తు డాక్టర్లయిన మొదటి ఆడవాళ్లలో ఒకరు. ఆడపిల్ల బడికి పోవుడే గగనమైన కాలంలో ఆమె దవాఖానలో క్లోరోఫామ్ ఇచ్చేది. ఇప్పుడు థియేటర్లో వెన్నులో సూది వేసే డాక్టరమ్మను చూసి భయపడేటప్పుడు ఈ పేరు యాదికి తెచ్చుకోవచ్చు.

1906లో హైదరాబాద్‌లో విక్టోరియా జనానా దవాఖానకు పునాది పడింది. ఆడవాళ్లకోసమే ఆడవాళ్లు చూసే దవాఖాన అది. 1949లో నీలోఫర్ బేగం దగ్గర పనిచేసే ఒకామె కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంతో నీలోఫర్ పట్టుబట్టినందుకే 1953లో ఆమె పేరు మీద దవాఖాన తెరుచుకున్నది. రాజుల ఇంట్లో పనిచేసే మనిషికే దిక్కు లేకపోతే గోదావరి ఒడ్డు పల్లెలకు ఏముంటది?

మన దాకా మార్పు వచ్చింది 2005 తర్వాతే. ఆ ఏడు జనని సురక్ష యోజన వచ్చింది, 108 బండి వచ్చింది. ఆశా అక్కలు ఇంటింటికి తిరుగుడు మొదలైంది. 2011లో జనని శిశు సురక్ష కార్యక్రమం కింద సర్కారు దవాఖానలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, రాకపోకల బండి అన్నీ ఉచితమని కేంద్రం ప్రకటించింది. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు ఒక పూట నిండు భోజనం. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్, దానితో ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లగాడైతే 12,000 రూపాయలు నాలుగు విడతల్లో. ఫలితం లెక్కల్లో కనబడింది. 2011-13లో తెలంగాణలో లక్ష కాన్పులకు 92 మంది తల్లులు చనిపోతే, 2018-20 నాటికి అది 43కు దిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే అయినట్టు తేలింది.

కానీ అదే సర్వేలో ఇంకో లెక్క ఉన్నది. తెలంగాణలో నూటికి 60 దాటి కాన్పులు ఆపరేషన్లే. దేశమంతా కలిపితే 21.5. మన రాష్ట్రంలో సర్కారు దవాఖానల్లో 44.5 ఉంటే, ప్రైవేటులో 81.5. పక్కనున్న కరీంనగర్ జిల్లాలో 82 దాటింది, మన పాత ఆదిలాబాద్‌లోంచి వచ్చిన ఆసిఫాబాద్‌లో 30 లోపే. బస్సెక్కితే ఒక పూటలో పోయివచ్చే ఈ రెండు జిల్లాల నడుమ ఆడవాళ్ల నడుం ఎముకలు అంతగా మారవు కదా! నూటికి 10 దాటి ఆపరేషన్లు పెంచినంత మాత్రాన తల్లీబిడ్డల చావులు ఇంకా తగ్గినట్టు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే ఒక దిక్కు అవసరం లేని కోతలు పడుతున్నాయి, ఇంకో దిక్కు అడవి గూడేల్లో అవసరమున్న తల్లికి అందకపోవచ్చు.

అవసరం లేని కోతల్లో అందరి చేయీ ఉన్నది. నొప్పులకు భయపడే పిల్ల ఉన్నది, రాత్రంతా కూర్చుండే ఓపిక లేని దవాఖాన ఉన్నది, బిల్లు చూసుకునే దవాఖాన ఉన్నది. మన ఇండ్లల్లోనే పంచాంగం పట్టుకొని వచ్చే పెద్దమనిషి ఉన్నడు. "అష్టమి పోనీయండి సారూ, ఆదివారం పొద్దుగాల తొమ్మిదిన్నర లోపల కొయ్యండి" అని అడిగేది మనవాళ్లే. మంచి ఘడియకోసం 37వ వారంలో బయటికి తీసిన బిడ్డకు ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాకపోవచ్చు. ఆ బిడ్డ అద్దాల పెట్టెలో ఉంటే ఏ నక్షత్రం ఏం చేస్తది? వేరే కారణం లేనప్పుడు ముందుగా అనుకున్న ఆపరేషన్ 39 వారాలు నిండినంకనే చేయాలని డాక్టర్ల నియమం. బీపీ, షుగరు, మాయ కిందికుండుడు, పాత కుట్టు, బిడ్డ ఎదుగుదల ఆగుడు వంటివి ఉంటే డాక్టరే ముందుకు జరుపుతరు. తేదీ పెట్టాల్సింది ఆ కారణం, పంచాంగం కాదు. కారణమేందో గర్భిణికి తెలిసి ఉండాలె. "ఎందుకు చేస్తున్నరు? ఆగితే ఏమైతది?" అని అడుగుడు ఎదురు మాట్లాడుడు కాదు. సంతకం పెట్టేది ఆమె, కోత పడేది ఆమెకు.

నొప్పులతో కాన్పు చేయించే నర్సులకు 2017లో కరీంనగర్‌లోనే శిక్షణ మొదలైంది. మిడ్‌వైఫ్‌లంటే పాత మంత్రసాని ఓపికకు దవాఖాన చదువు తోడైన మనుషులని మేము అర్థం చేసుకున్నాం. మీరు పోయే దవాఖానలో వాళ్లున్నారేమో ఆశా అక్కను అడగండి.

ఆపరేషన్ నిజంగా అవసరమని తేలితే ఇంక తయారీ మన పని. పాత కాలంలో నీళ్లు కాగబెట్టినట్టే దీనికీ ఒక పద్ధతి ఉన్నది.

అన్నిటికంటే ముందు రక్తం. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నదని అదే సర్వే చెప్తున్నది. ఆపరేషన్‌లో మామూలు కాన్పుకన్నా ఎక్కువ రక్తం పోతది. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే ఏడో నెలలోనే పట్టుకోవాలె, అప్పుడైతే మాత్రలకో, ఐరన్ ఇంజెక్షన్‌కో టైముంటది. తొమ్మిదో నెలలో తెలిస్తే రక్తం ఎక్కించుడే మిగులుతది. ఐరన్ మాత్ర చాయ్‌తో మింగితే ఒంటబట్టదు, నిమ్మకాయ నీళ్లతో మింగండి. బ్లడ్ గ్రూపు కార్డు మీద రాయించుకోండి. అదే గ్రూపువాళ్లు ఇంట్లోనో సంఘంలోనో ఎవరున్నరో ముందే మాట్లాడిపెట్టుకోండి. ఈ పనికి పది మంది ఉన్న సంఘం కన్నా మంచి జాగ ఏమున్నది?

తర్వాత పైసలు. సర్కారు దవాఖానలో ఆపరేషన్‌కు పైసలు లేవు, ఆపరేషనైన తల్లికి ఏడు రోజుల దాకా తిండి కూడా ఉచితమని 2011 నియమం. అయినా ఖర్చు అయితది. తోడున్నవాళ్ల తిండి, పోయిన కూలి, ఇంటికాడ పిల్లలు, ఆటో. ఎంత కావాలో ఎనిమిదో నెలలో లెక్కేసుకొని, అప్పు అవసరమైతే అప్పుడే తీర్మానం రాయించుకుంటే ఆఖరి రాత్రి వడ్డీ వ్యాపారి గడప ఎక్కే పని ఉండదు. ప్రైవేటుకు పోయేవాళ్లు మొత్తం ఎంతో, అందులో రూము, మందులు, పిల్లల డాక్టరు కలిసున్నయో లేదో ముందే కాగితం మీద రాయించుకోండి. పవర్ ప్లాంటులోనో, బాయిల మీదనో కాంట్రాక్టు పని చేసే అక్కలు ఇంకొకటి గుర్తు పెట్టుకోవాలె. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించారు. కాన్పుకు ముందటి ఏడాదిలో 80 రోజులు పని చేసినవాళ్లకు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవుకు హక్కున్నది. ఈఎస్ఐ కటింగు ఉన్నవాళ్లకు ఆ పైసలు ఈఎస్ఐ ఇస్తది.

కాగితాలు ఒక్క కవర్లో పెట్టాలె. తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, ఆధార్, ఆమె సొంత పేరు మీద బ్యాంకు పుస్తకం. సంచిలో ముందర తెరిచే నైటీలు, కుట్టుకు ఒత్తకుండా నడుము మీదికి వచ్చే లోపలి బట్టలు, ప్యాడ్లు, బిడ్డకు ఉతికిన మెత్తటి పాత గుడ్డలు, టోపీ, ఒక గ్లాసు, ఫోను చార్జరు. నగలు, మెట్టెలు, నల్లపూసలు ఇంటికాడనే తీసిపెట్టాలె. నల్లపూసలు తీయడానికి అత్తలు ఒప్పుకోకపోతే దారం కట్టుకొని రమ్మని కాదు, నర్సమ్మతో మాట్లాడించండి. గోర్లకు రంగు ఉండొద్దు, రక్తంలో గాలి సరిగా ఆడుతున్నదో లేదో గోరు మీద క్లిప్పు పెట్టి చూస్తరు.

తోడు ఎవరు ఉండాలె? తల్లిగారింటికి పోయి కాన్పు చేసుకునే ఆనవాయితీ మనకున్నది, మంచిదే. కానీ రాత్రి మేల్కొని బిడ్డను అందించగల మనిషి కావాలె. మోకాళ్ల నొప్పుల అమ్మ ఒక్కతే అయితే ఇద్దరూ పడుకుంటరు. వదిననో చెల్లెనో కలిపి వంతులు పెట్టుకోండి. ఆపరేషన్ ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినొద్దు. ఎవరో ప్రేమతో పొద్దున ఇడ్లీ తినిపిస్తే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో డాక్టరు చెప్తరు.

వానాకాలంలో తేదీ పడినవాళ్లు దారి కూడా చూసుకోవాలె. 2022 జులైలో గోదావరికి వచ్చిన వరదకు ఒడ్డునున్న మంచిర్యాల మాతా శిశు దవాఖానలోకి నీళ్లొస్తే గర్భిణులను, బాలింతలను, పసిపిల్లలను వేరే దవాఖానకు తరలించారు. పొద్దున కోత పడిన తల్లికి మెట్లు దిగుడు ఎంత కష్టమో చెప్పనక్కర లేదు. వాగులు పొంగే వారమైతే రెండు రోజులు ముందే దవాఖాన దగ్గర్లో చేరుడు మంచిది. 102 నంబరు, ఆశా అక్క నంబరు, ఒక ఆటో నంబరు ఇంట్లో ముగ్గురి ఫోన్లలో ఉండాలె.

వెన్నులో సూది వేసినంక నడుము కింద మొద్దుబారుతది, తల్లి మెలకువతోనే ఉంటది, బిడ్డ ఏడుపు ఆమే వింటది. గంట లోపల ముర్రుపాలు పట్టాలె. ఆపరేషన్ అయితే పాలు రావనేది ఉత్త మాట, కొంచెం ఆలస్యం కావచ్చు, బిడ్డ చీకుతుంటేనే వస్తయి. మరుసటి రోజుకు పట్టుకొని నడిపిస్తరు, కాళ్లల్లో రక్తం గడ్డకట్టకుండా. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చే పథ్యం మానుకోవాలె. ఆమెకు నీళ్లూ, పప్పూ, గుడ్డూ అన్నీ కావాలె. ఆరు వారాలు నీళ్ల బిందె ఎత్తొద్దు. జ్వరం, కుట్టు దగ్గర చీము, కంపు, గంటకో ప్యాడు తడిసే రక్తం, ఒక కాలు మాత్రమే వాచుడు, ఇవి కనబడితే తెల్లారే దాకా ఆగకుండా 108కు ఫోను చేయాలె.

అదే ఆపరేషన్‌తో పిల్లలు కాకుండా చేసే కుటుంబ నియంత్రణ గురించి కూడా ముందే ఇంట్లో మాట్లాడుకొని, ఇష్టముంటేనే సంతకం చేయాలె. ఇంటికొచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితాన్ని పారేయొద్దు, బియ్యం డబ్బాలో దాచినా సరే. కోత ఎందుకు పడింది, గర్భసంచి మీద ఎట్ల పడింది అనేది అందులో ఉంటది. మళ్లీ కడుపు పడ్డప్పుడు నొప్పులతో కాన్పుకు ప్రయత్నించొచ్చా లేదా అన్నది డాక్టరు ఆ కాగితం చూసే చెప్తరు.