కల్లంలో లగ్గం

బంతి అంటే పువ్వు, బంతి అంటే ఆట వస్తువు. నారాయణఖేడ్ వైపు ముసలివాళ్లను అడిగితే ఇంకో రెండు బంతులు చెప్తారు. కల్లం నడుమ గుంజ పాతి, ఎడ్లను వరసగా పలుపులతో కట్టి కంకుల మీద తిప్పితే అది బంతి. లగ్గం నాడు అదే నేల మీద మనుషులు విస్తరాకుల ముందు వరసగా కూర్చుంటే అదీ బంతే. నిఘంటువులో రెంటికీ వరస అనే అర్థమే. మనూర్ లాంటి నల్లరేగడి ఊళ్లలో రెంటికీ జాగ కూడా ఒకటే.

ఇప్పుడు పట్నంలో కొత్త ముచ్చట మొదలైంది. చలికాలంలో, ఊరి బయట, కొట్టంలో పెండ్లి. గడ్డి మోపుల మీద కూర్చుని ఫొటోలు, కందిళ్లు, బండి చక్రాలు. దీనికి 'రస్టిక్ థీమ్' అని పేరు. అమెరికాలో మనవాళ్ల పిల్లలు 'బార్న్ వెడ్డింగ్' అంటారు. ఇంగ్లండులో ఇలా అద్దెకిచ్చే పాత కొట్టాల్లో కొన్ని ఒకప్పటి దశమభాగపు కొట్లు. రైతు పండించిన దాంట్లో పదో వంతు చర్చికి కొలిచిస్తే, ఆ గింజలు అక్కడ చేరేవి. 1994 నాటి వివాహ చట్టం అనుమతి పొందిన భవనాల్లోనూ రిజిస్టర్ పెండ్లిళ్లకు దారి తెరిచాక, ఆ కొట్లకు లగ్గాల గిరాకీ పెరిగింది. పన్ను వసూలు చేసిన చోట ఇప్పుడు పూలదండలు!

మన కల్లం కథ దీనికి ఎంతో దూరం కాదు. పంట ఇంటికి చేరకముందే అక్కడ పంపకాలయ్యేవి. చాకలి, మంగలి, కుమ్మరి, వడ్ల, కమ్మరి, మాదిగ ఎవరి మేర వాళ్లకు కొలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నిజాం సర్కారు లెవీ గల్లా పేరుతో గింజలు గుంజుకుంది. ఊళ్లో కల్లమంత వెడల్పుగా, చదునుగా, పేడతో అలికి గట్టిపరిచిన నేల మరొకటి ఉండేది కాదు. అందుకే ఇంటి వాకిలి చాలని లగ్గాలు కల్లానికి వచ్చేవి. అందం కోసం ఎవరూ రాలేదు.

ముహూర్తం సంగతికొస్తే, పంచాంగం చేతిలో ఎంత ఉందో పంట చేతిలోనూ అంతే ఉంది. చలికాలమంతా లగ్గాలకు పనికొస్తుందనుకోవద్దు. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం పట్టిందంటే సంక్రాంతి దాకా తలుపులు మూసినట్టే. పుష్యం శూన్యమాసం. మధ్యలో మూఢం వస్తే మరీ కష్టం. శుక్రుడు సూర్యుడి వెలుగులో కలిసిపోయి కనబడకుండా పోయే ఆ కాలం ఒక్కోసారి వారం పది రోజులే, ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. ఇక మిగిలేది మార్గశిరంలో ముందు సగం, ఆ తర్వాత మాఘం. ఇక్కడ పాత లెక్కన మాఘం ఎందుకు మంచిదో పొలం చూస్తే తెలుస్తుంది. కంది కొట్టడం సంక్రాంతి అటూ ఇటూ అయిపోతుంది. యాసంగి తెల్లజొన్న ఇంకా చేనులోనే ఉంటుంది. ఆ రెంటి నడుమ కల్లం ఖాళీ, ఇంట్లో గింజలు, చేతిలో నాలుగు పైసలు. శాస్త్రులు పుస్తకం చూసి చెప్పేదీ, రైతు చేను చూసి చెప్పేదీ ఒకే వారంలో పడేవి.

లగ్గమంటే పాతర తీయాలి. జొన్నలు నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి దాచేవారు. మూత తీసిన వెంటనే ఎవరూ దిగరు. లోపల చేరిన చెడుగాలి ప్రాణం తీస్తుంది. కాసేపు తెరిచి వదిలేసి ఆ తర్వాతే మనిషి దిగుతాడు. పెండ్లి పనుల జాబితాలో మొదటి పని ఇదీ అని ఏ వెడ్డింగ్ ప్లానర్ రాస్తాడు?

పెండ్లి కాకపోయినా ఈ సీమకు చలికాలపు బయలు విందు ఒకటుంది. మార్గశిరం చివరి రోజున ఎల్ల అమావాస్య. బీదర్, జహీరాబాద్, నారాయణఖేడ్ పల్లెలన్నీ ఆ రోజు చేన్లకు కదులుతాయి. జొన్నచేనులో ఐదు రాళ్లు నిలిపి పాండవులని పూజిస్తారు. అంబలి చల్లుతారు. రకరకాల కాయగూరలు, పచ్చి గింజలు కలిపి వండిన భజ్జి, సజ్జ రొట్టెలు చేనుగట్టు మీదే తింటారు. ధనుర్మాసం కాబట్టి లగ్గం కుదరదు కానీ, వియ్యంకుడు కాబోయేవాడికి చేను చూపించడానికి ఇంతకన్నా మంచి రోజు ఏముంటుంది?

ఇది తెలంగాణకు మాత్రమే చెందిన ఆచారం కాదని గమనించారా? కారణం సరిహద్దు. 1956 నవంబరు 1కి ముందు నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్‌ను మూడు ముక్కలు చేశారు. ఒకటి మైసూరుకు, ఒకటి బొంబాయికి, నారాయణఖేడ్, న్యాల్‌కల్, జహీరాబాద్ వైపు ముక్క ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి; ఈ మూడోది మెదక్‌లో కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. గీతలు మారాయి కానీ చుట్టరికాలు మారలేదు. మనూర్ వైపు లగ్గంలో తెలుగు, కన్నడం, మరాఠీ ఒకే పందిరి కింద వినిపిస్తాయి. ఒక ఇంట భక్ష్యాలైతే ఇంకో ఇంట గోధుమ హుగ్గి. మరాఠ్వాడా వైపు అక్షింతలకు బియ్యం బదులు రంగు కలిపిన జొన్నలు వాడతారు. పండేదే చల్లుతారు మరి.

ఇంతవరకు ముచ్చటగానే ఉంది. అసలు ప్రశ్న, ఆ పందిరి ఎవరు వేశారు? కుమ్మరి ఐరేని కుండలు తేవాలి. చాకలి దివిటీ పట్టాలి. మంగలి సన్నాయి ఊదాలి. మాదిగ డప్పు కొట్టాలి. మేదరి గంపలు ఇయ్యాలి. మామూలు రైతు ఇంట అయితే ఇది ఇచ్చిపుచ్చుకునే లెక్కలో నడిచేది, మేర ముట్టేది. దొర ఇంట అయితే వెట్టి. ఊరంతా పని చేయాలి, పైగా నజరానా ఇచ్చుకోవాలి. పెద్ద దేశ్‌ముఖుల ఇండ్లలో బిడ్డతో పాటు ఆడబాపలనూ, అంటే దాసీ పిల్లలనూ, అత్తింటికి పంపేవారు. వాళ్లకు లగ్గం లేదు, పోనని చెప్పే నోరూ లేదు.

బంతుల్లోనూ వరసలుండేవి. ఎవరి బంతి ముందు, ఎవరి బంతి వెనుక, ఎవరికి కల్లం బయట అన్నది కులం చెప్పేది. ఎడ్ల బంతిలో ఈ తేడా లేదు. ఈ వరసను తెంచబోయిన ఒక లగ్గం కథ పొరుగున కల్యాణంలోనే, ఇప్పటి బసవకల్యాణ్‌లో, 12వ శతాబ్దంలో జరిగిందని వీరశైవుల వచన సంప్రదాయం చెప్తుంది. బ్రాహ్మణుడైన మధువరసు కూతురినీ చెప్పులు కుట్టే హరళయ్య కొడుకునూ కలిపారు. రాజు బిజ్జలుడు ఇద్దరు తండ్రులకూ మరణశిక్ష వేశాడు. ఆ తర్వాత కల్యాణమే చెదిరిపోయింది.

పెండ్లికూతురి వయసు మాటా చెప్పాలి. 1930 మార్చిలో జోగిపేటలో నిజాం రాష్ట్ర తొలి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగి, ఆడవాళ్ల మాట వేదిక ఎక్కింది. అదే ఏడు ఏప్రిల్ 1న బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండాలంది. నిజాం రాజ్యానికి ఆ చట్టం వర్తించలేదు. పాత కల్లం పెండ్లిని తలచుకుని మురిసిపోయేవాళ్లు, ఆ పందిట్లో తల్లి ఒళ్లో నిద్రపోయిన పెండ్లికూతురిని కూడా తలచుకోవాలి.

అందుకే ఫంక్షన్ హాలును నేను తిట్టలేను. పాటకు చెవులు పగలొచ్చు, కుర్చీకి తొడిగిన శాటిన్ గుడ్డ వికారంగా ఉండొచ్చు. కానీ పైసలు కట్టినవాడు కట్టాడు, పని చేసినవాడు కూలి తీసుకున్నాడు, బంతిలో పక్కన ఎవరు కూర్చున్నారో అడిగేవాడు తగ్గాడు. ఈలోగా కల్లమే కరిగిపోయింది. యంత్రాలు చేనులోనే గింజ రాలుస్తున్నాయి, ఆరబోత తారు రోడ్డు మీదికి వచ్చింది. ఉపాధి హామీ కింద సిమెంటు కల్లాలు కడితే, ఆ ఖర్చు మీద 2022లో కేంద్రానికీ రాష్ట్రానికీ తగాదా పడింది.

అయినా సరే, మాఘంలో కొట్టంలోనే లగ్గం చేస్తామంటే చేయండి. నాకు తెలిసిన నాలుగు మాటలు. పశువులను వారం ముందే తరలించి, నేల రెండుసార్లు అలికించండి. చలికి అలుకు తొందరగా ఆరదు. పిడుదులకు మీ థీమ్ తెలియదు కాబట్టి గోడ సందుల్లో సున్నం కొట్టించండి. జొన్నసొప్ప కుప్పకు దూరంగా, గాలి ఎటు వీస్తుందో చూసి గాడిపొయ్యి తవ్వించండి. ఒక్క నిప్పురవ్వ చాలు. కోహీర్, న్యాల్‌కల్ పేర్లు చలి వార్తల్లో తరచూ వస్తాయి, రాత్రి పది డిగ్రీల లోపుకు దిగడం వింత కాదు. రాత్రి ముహూర్తమైతే ముసలివాళ్లకు కుర్మలు నేసిన గొంగళ్లు పరచండి. వచ్చినవాళ్లకు కాఫీ కన్నా ముందు వేడి ఊచబియ్యం పెట్టండి, జొన్న కంకి పాలు గట్టిపడే రోజులవి.

పందిరి వేసినవాళ్లకు, డప్పు కొట్టినవాళ్లకు కూలి ఆ రాత్రే ముట్టజెప్పండి. వాళ్లను మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి. తెల్లవారి విస్తళ్లు ఏరేసరికి ఎడ్లు కొట్టం ముందుకొచ్చి నిలబడతాయి. ఎక్కడ కట్టేయాలో ముందే అనుకోండి.