కాటా ఎవరి చేతిలో ఉంది?

ఏజెన్సీ చరిత్ర అనగానే మనకు పితూరీలు గుర్తుకొస్తాయి. 1879 నాటి రంప పితూరీ, 1922-24 మన్యం పోరాటం, 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం బలిదానం మనం గర్వంగా చెప్పుకుంటాం. వీటితో పాటు మన పెద్దలు సంతలో కాటా దగ్గర పడిన పాట్లు కూడా మన యువత తెలుసుకోవాలి.

మన తాతముత్తాతలు చింతపండు, కరక్కాయ, కుంకుడుకాయ, అడ్డాకు, తేనె సేకరించి సంతకు మోసుకెళ్లేవారు. అక్కడ షావుకారు తూచిందే తూకం, చెప్పిందే ధర. ఉప్పు, బట్ట అతని దగ్గరే కొనాలి. వానాకాలంలో తిండిగింజలకు అప్పు కూడా అతనే ఇవ్వాలి. ఆ అప్పు తీరక చివరికి భూములు పోయేవి.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకు ఒక చట్టం తెచ్చింది. వడ్డీ ఏడాదికి 24 శాతం దాటరాదని, మొత్తం వడ్డీ అసలును మించరాదని అందులో ఉంది. అయితే సరుకు కొనడానికీ అప్పివ్వడానికీ షావుకారు తప్ప మరొకరు లేని చోట కాగితం మీది చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది?

ఆ లోటు తీర్చడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అంటే మనం పిలుచుకునే జీసీసీ, ఏర్పడింది. అటవీ ఫలసాయం కొనడం, డి.ఆర్. డిపోలలో నిత్యావసర సరుకులు అమ్మడం, వ్యవసాయానికి అప్పులివ్వడం దాని పనులు. షావుకారు చేసే మూడు పనులనూ ఒకే సంస్థ చేపట్టింది. ఒక్కటి వదిలినా మనవాళ్లు మళ్లీ అతని గుమ్మం తొక్కాల్సిందే. 1979 రెగ్యులేషన్ తర్వాత షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే హక్కు జీసీసీకే దక్కింది.

ఈ ఏర్పాటుకు మరో వైపు కూడా ఉంది. కొనేవారు ఒక్కరే అయినప్పుడు ధర తగ్గినా, కొనుగోలు ఆలస్యమైనా మనకు వేరే దారి ఉండదు. పైగా పెద్ద నిర్ణయాలు ప్రభుత్వం నియమించిన అధికారుల చేతిలో ఉంటాయి. సభ్యుల మాట చెల్లని సహకార సంఘం పేరుకే సహకారం.

తర్వాతి చట్టాలు మనకు మరికొన్ని దారులు తెరిచాయి. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రకారం ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యులే సంఘం పెట్టుకుని నడుపుకోవచ్చు. అరకు ప్రాంత గిరిజన కాఫీ రైతులు అలాగే సంఘంగా ఏర్పడ్డారు. ఒకప్పుడు దళారీ చెప్పిన ధరకు అమ్ముకున్న కొండల కాఫీ నేడు పారిస్ దాకా వెళ్లింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం, మనం తరతరాలుగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్య హక్కును మనకే ఇచ్చింది.

యువ మిత్రులారా! మన పెద్దలకు కాటా చదవడం రాక నష్టపోయారు. మీకు చదువు వచ్చింది, ఫోన్‌లో మార్కెట్ ధర చూడగలరు. ఊళ్లో సంఘం ఉంటే సభ్యులుగా చేరండి. సర్వసభ్య సమావేశానికి వెళ్లి లెక్కల పుస్తకం తెరిపించండి, అక్షరం రాని అవ్వకూ తాతకూ అర్థమయ్యేలా చదివి వినిపించండి. సంఘంలో ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. ఆ ఓటు వాడుకున్న ఊళ్లోనే కాటా మన చేతిలో ఉంటుంది.