'సెల్' అను మాట కథ

ఉన్నత పాఠశాల విద్యార్థి జీవశాస్త్రపు తరగతిలో 'సెల్' అనగా జీవకణమని నేర్చుకొనును. భౌతికశాస్త్రపు తరగతిలో అదే మాటకు విద్యుద్ఘటమని అర్థము చెప్పుదురు. చెరసాలలోని కొట్టు, తేనెపట్టులోని గది కూడ ఆంగ్లములో సెల్లే. ఒక్క మాటకు ఇన్ని అర్థము లెట్లు కలిగినవి?

దీనికి మూలము లాటిన్ భాషలోని 'సెల్లా'. చిన్న గది, సరకులు దాచు కొట్టు అని దాని యర్థము. క్రైస్తవ సన్యాసి ఒంటరిగా నివసించు గదికిని, పిదప ఖైదీ నుంచు గదికిని ఈ పేరే వచ్చినది.

ఇంగ్లండులో రాబర్ట్ హుక్ సీసా బిరడాలు చేయు కార్కును పలుచగా కోసి సూక్ష్మదర్శినితో చూచెను. అది తేనెపట్టువలె గదులు గదులుగా కనబడెను. ఘనపు అంగుళములో అట్టివి 125 కోట్లకు పైగా ఉండునని అతడు లెక్కగట్టి, 1665 లో ప్రకటించిన 'మైక్రోగ్రాఫియా' గ్రంథములో వానిని సెల్స్ అనెను. అయితే కార్కులో అతడు చూచినవి నిర్జీవమైన గోడలు మాత్రమే.

గది యనగానే గోడలు స్ఫురించును గదా! మొక్కల శరీరము కణములతో నిర్మితమని 1838 లో ష్లైడెన్, జంతువుల శరీరము నట్టిదేయని 1839 లో ష్వాన్ ప్రతిపాదించిరి. కాని జంతుకణములకు మొక్కల కణములకున్నట్టి గోడ లేదు. కేంద్రకము గల జీవపదార్థపు ముద్దయే కణమనియు, గోడ తప్పనిసరి కాదనియు 1861 లో మాక్స్ షుల్ట్జ్ నిర్వచించెను. పేరు నిలిచినది, అర్థము మారినది.

1800 లో వోల్టా విద్యుత్ దొంతరను ప్రకటించిన కొలదికాలమునకే, పొడవైన తొట్టిని లోహపు పలకలతో అరలుగా విభజించి ద్రవము నింపు పద్ధతి వచ్చినది. ఒక్కొక్క అర ఒక సెల్. అన్నియు కలిసి బ్యాటరీ. నేటి టార్చిలైటు సెల్‌లో అట్టి తొట్టి లేదు, అరలును లేవు. పేరు మాత్రము మిగిలినది.

సెల్ ఫోను పేరు దానిలోని బ్యాటరీనుండి వచ్చినదని కొందరు విద్యార్థులు తలంతురు. అది పొరపాటు. ప్రదేశమును ఆరు భుజముల చిన్న చిన్న భాగములుగా విభజించి, అదే రేడియో పౌనఃపున్యమును దూరపు భాగములలో మరల వాడుకొనవచ్చునని 1947 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజనీర్లు సూచించిరి. ఆ భాగములే సెల్స్.

తెలుగులో 'కణము', 'ఘటము' అని వేరు మాటలుండుట మన కొక మేలు. ద్రవము నింపిన తొలినాటి పాత్రలకు ఘటమను పేరు చక్కగా తగినది. కాని ఎలక్ట్రానును గూడ మనము కణమే యందుము. ఎలక్ట్రాను ఎన్నో జీవకణములలో ఒకటియని బాలుడు భ్రమపడకుండ, ఉపాధ్యాయుడు ఒకదానిని 'జీవకణము' అనియే పలుకవలెను. పేరు తొలిచూపునకు గుర్తు. వస్తువును తెలిసికొనుటకు మరల చూడవలసినదే.