ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్: బాలసాహిత్యంలో శిశు స్వేచ్ఛ

స్వీడన్ బాలసాహిత్య రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ రచనలకూ ప్రజాజీవితానికీ పునాది ఒక్కటే: పెద్దలతో సమానంగా పిల్లలూ గౌరవానికి అర్హులన్న నమ్మకం. ఆమె జీవితానుభవాలను, ప్రధాన రచనలను కలిపి చూస్తే ఈ నమ్మకం ఎలా బలపడిందో తెలుస్తుంది.

ఆస్ట్రిడ్ 1907 నవంబరు 14న స్మోలాండ్ ప్రాంతంలోని విమ్మర్‌బ్యూ పట్టణం దగ్గర జన్మించారు. తండ్రి చర్చి భూమిని కౌలుకు చేసే రైతు. నలుగురు సంతానంలో ఆమె రెండవవారు. చిన్ననాటి ఆటపాటలు, పొలం పనులు తరువాత ఆమె పల్లె కథలకు ముడిసరుకయ్యాయి. స్థానిక పత్రికలో పనిచేస్తుండగా పెళ్ళికాకుండానే గర్భవతి అయ్యారు. 1926లో కోపెన్‌హాగెన్‌లో కొడుకు లార్స్ పుట్టాడు. స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, బిడ్డను కొన్నేళ్ళు డెన్మార్క్‌లోని ఒక పెంపుడు కుటుంబం దగ్గర ఉంచవలసి వచ్చింది. 1954లో వచ్చిన ‘మియో, నా కుమారుడా’ వంటి నవలల్లో ఆప్యాయత కోసం అలమటించే ఒంటరి బాలలు కనిపిస్తారు. వారి చిత్రణ వెనుక ఈ ఎడబాటు అనుభవం ఉందనుకోవచ్చు.

1931లో ఆమె స్టూరె లిండ్‌గ్రెన్‌ను వివాహం చేసుకున్నారు. 1941లో న్యుమోనియాతో మంచం పట్టిన కూతురు కారిన్ ‘పిప్పీ’ అనే పేరు తానే కల్పించి, ఆ పిల్ల కథ చెప్పమని అడిగింది. 1944లో మంచు మీద జారి కాలు బెణికి ఇంట్లో ఉన్నప్పుడు ఆస్ట్రిడ్ ఆ కథలను కాగితంపై పెట్టారు. బోనియర్ ప్రచురణ సంస్థ వాటిని తిరస్కరించింది. 1945లో రబేన్–షోగ్రెన్ సంస్థ నిర్వహించిన పోటీలో అవే ప్రథమ బహుమతి పొందాయి. తొమ్మిదేళ్ళ పిప్పీ ఒంటరిగా బతుకుతుంది, గుర్రాన్ని చేతులతో ఎత్తుతుంది. అయినా అంత బలాన్నీ బలహీనుల మీద ప్రయోగించదు. విధేయతే పిల్లలకు అలంకారమని భావించిన కాలంలో ఈ పాత్ర వివాదం రేపింది. 1946లో విమర్శకుడు జాన్ లాండ్‌క్విస్ట్ పుస్తకాన్ని తీవ్రంగా ఖండించారు.

1946 నుంచి 1970 వరకు ఆమె రబేన్–షోగ్రెన్ సంస్థలోనే సంపాదకురాలిగా పనిచేశారు. ఉదయం పూట సొంత రచన, మధ్యాహ్నం సంపాదకత్వం సాగేవి. తొలి ప్రతులన్నీ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేవారు. 1958లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం లభించింది. అల్లరి పిల్లవాడు ఎమిల్ కథలు 1963లో మొదలయ్యాయి. 1973 నాటి ‘లయన్‌హార్ట్ సోదరులు’ నవల మరణాన్ని సూటిగా చర్చించింది. పిల్లల నుంచి దుఃఖాన్ని దాచిపెట్టనక్కరలేదని, వారు దాన్ని తట్టుకోగలరని ఆమె విశ్వసించారు.

1976లో తన అదనపు ఆదాయంపై పన్ను రేటు 102 శాతానికి చేరడాన్ని ఎత్తిచూపుతూ ఆమె రాసిన వ్యంగ్య కథ దేశమంతటా చర్చకు దారితీసింది. 1978లో జర్మన్ పుస్తక వ్యాపారుల శాంతి బహుమతి అందుకుంటూ, పిల్లలను కొట్టి పెంచే పద్ధతిని వ్యతిరేకించారు. మరుసటి ఏడాది స్వీడన్ పిల్లలపై శారీరక దండనను నిషేధించింది. అలా నిషేధించిన మొదటి దేశం అదే. పెంపుడు పశువుల పట్ల క్రూరత్వంపై ఆమె సాగించిన ఉద్యమం 1988 నాటి జంతు సంరక్షణ చట్టానికి దోహదం చేసింది.

ఆమె 2002 జనవరి 28న స్టాక్‌హోమ్‌లో మరణించారు. అదే ఏడాది స్వీడన్ ప్రభుత్వం ఆమె పేరిట 50 లక్షల క్రోనార్ల అంతర్జాతీయ బాలసాహిత్య పురస్కారాన్ని నెలకొల్పింది. నీతిబోధకే పరిమితం కాకుండా, పిల్లల పక్షాన నిలబడి మాట్లాడే సాహిత్యానికి లిండ్‌గ్రెన్ రచనలు నేటికీ ప్రమాణంగా నిలుస్తున్నాయి.