నీళ్లను కడిగే వెలుతురు



జగిత్యాల, కోరుట్ల వైపు పసుపు ఉడకబెట్టి ఎండబోయడం మీరంతా చూసే ఉంటారు. ఇంట్లో మాత్రం మనం చేసేదేమిటి? బొంతలు, పరుపులు ఎండలో వేస్తాం. పచ్చడి జాడీ కడిగి ఎండలో బోర్లిస్తాం. ఎండ తగిలితే ముక్కిన వాసన పోతుందని, పురుగు పట్టదని అమ్మమ్మల నాటి నుంచీ తెలుసు. మరి ఆ ఎండలో ఏముంది?

ఈ ప్రశ్ననే 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు వేసుకున్నారు. క్రిములు పెరిగే ద్రవాన్ని గాజు గొట్టాల్లో పోసి కొన్నింటిని ఎండలో ఉంచారు, కొన్నింటికి వెలుతురు తగలకుండా కప్పారు. కప్పినవి మురిగి మసకబారాయి. ఎండలోవి తేటగా నిలిచాయి. ఇది వేడి చేసిన పని కాదు, వెలుతురు చేసిన పని అని వారు చెప్పారు. అందులోనూ ఊదారంగు వైపు కిరణాలకు బలం ఎక్కువని తేలింది. ఆ ఊదారంగుకు అవతల, మన కంటికి ఆననివే అతినీలలోహిత కిరణాలు. తర్వాత డెన్మార్కులో నీల్స్ ఫిన్సెన్ అనే డాక్టరు దీపపు వెలుగుతో చర్మానికి వచ్చే క్షయను నయం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఎండను ఇంట్లోకి తెచ్చుకోవడానికి ఒక దీపం కావాలి కదా! 1901లో అమెరికాలో పీటర్ కూపర్ హ్యూయిట్ పాదరసపు ఆవిరి దీపానికి పేటెంటు పొందాడు. సిరిసిల్లలో సాంచాల మీద ఏళ్ల తరబడి వెలిగిన ట్యూబులైటు దీనికి చెల్లెలే. ట్యూబులైటులోనూ పాదరసమే ఉంటుంది. గాజుకు లోపల పూసిన తెల్లపొడి ఆ కనపడని కిరణాలను మింగి, మనకు కనపడే వెలుగుగా మారుస్తుంది. ఆ పొడి తీసేసి, మామూలు గాజుకు బదులు క్వార్ట్జ్ గాజు పెట్టారనుకోండి, కిరణాలు నేరుగా బయటికి వస్తాయి. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో 254 భాగాలంత పొడవు వాటి అల. ఆ కిరణం క్రిమి కణంలోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఇక ఆ క్రిమి పిల్లలు పెట్టలేదు, మన కడుపులో పెరగలేదు.

1910లో ఫ్రాన్సులోని మార్సెయ్ పట్టణంలో ఇలాంటి దీపాలతో ఊరి నీళ్లు శుద్ధి చేసి చూశారు. కాని ఆ దీపాలు మొండికేసేవి. అప్పటికే, 1908లో, అమెరికాలోని జెర్సీ సిటీలో క్లోరిన్ మొదలైంది. అది చవక, పైగా గొట్టంలో ఎంత దూరం పోయినా కొంత మిగిలి కాపు కాస్తుంది. అందుకే మన నల్లా నీళ్లకు నేటికీ ఆ వాసన.

దీపం మళ్లీ మన వంటింటికి వచ్చింది 1984లో, యురేకా ఫోర్బ్స్ వారి ఆక్వాగార్డ్‌తో. ఇంటింటికీ తిరిగి, నీళ్లు పోసి చూపించి మరీ అమ్మారు. 1992-93లో కొత్త రకం కలరా వచ్చినప్పుడు బొంబాయిలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్ అమెరికాలో ఉన్నారు. ఒక మామూలు బల్బుకు పట్టేపాటి కరెంటుతో నిమిషానికి సుమారు 15 లీటర్లు శుద్ధి చేసే యంత్రం ఆయన తయారుచేశారు. తర్వాతి దశాబ్దంలో ఆ పద్ధతి ఆంధ్ర పల్లెలకూ వచ్చింది.

మరి పాదరసం మాటేమిటి? జపానులో మినమాటా అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసింది. అది చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరి నరాలను తినేసింది. ఆ జబ్బును 1956లో గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో అనేక దేశాలు పాదరసం వాడకం తగ్గించే ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 2018లో దాన్ని ఆమోదించింది. ఒక దీపంలో ఉండేది కొన్ని మిల్లీగ్రాములే, దాన్ని చూసి హడలిపోనక్కరలేదు. కాని ఊరంతా పారేసే దీపాలు ఒక్కచోట చేరితే కొద్దీ గొప్పవుతుంది.

అందుకే అందరి చూపూ ఎల్ఈడీ మీద పడింది. నీలిరంగు ఎల్ఈడీ కనిపెట్టిన అకసాకి, అమనో, నకమురా అనే శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ ఇచ్చారు. అందులో వాడే గాలియం నైట్రైడ్‌కు అల్యూమినియం కలిపితే అతినీలలోహిత కిరణాలు వస్తాయి. ఈ దీపంలో పాదరసం లేదు, పగిలే గాజు గొట్టం లేదు. స్విచ్చి వేయగానే పనిచేస్తుంది. పాదరసపు దీపమైతే వేడెక్కడానికి కాస్త సమయం పడుతుంది, మాటిమాటికీ ఆర్పి వెలిగిస్తే ఆయుష్షు తగ్గుతుంది. అయితే కరెంటును కిరణంగా మార్చడంలో ఇప్పటికీ పాదరసానిదే పైచేయి. అది తిన్న కరెంటులో మూడో వంతు దాకా కిరణంగా ఇస్తుంది, ఎల్ఈడీ మామూలుగా పదో వంతు కూడా ఇవ్వదు. కనుక పట్టణానికంతటికీ నీళ్లిచ్చే చోట పాత దీపం, వంటింట్లో చిన్న కుళాయి దగ్గర కొత్త దీపం సరిపోతాయి.

2020లో కరోనా సమయాన హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థ ఆర్‌సీఐ వారు ఫోన్లు, పాస్‌బుక్కులు, నోట్లు శుద్ధి చేసే అతినీలలోహిత పెట్టెను తయారుచేశారు. మనిషి చెయ్యి, కన్ను కిరణానికి దూరంగా ఉండాలని పెట్టెలో మూసి ఉంచారు. ఆ జాగ్రత్త మనకూ పాఠమే. ఈ కిరణం కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది. ఊదారంగు వెలుగు చిమ్మే ప్రతి బొమ్మదీపమూ క్రిములను చంపదని కూడా గుర్తుంచుకోండి.

ఇక మీ ఇంటి లెక్క. నీళ్లు తేటగా లేకపోతే క్రిమి మట్టి చాటున దాక్కుంటుంది, కిరణం తగలదు. కనుక ముందు వడపోత, తర్వాతే దీపం. ఏ దీపమైనా ఫ్లోరైడును, ఉప్పును తీయదు. శుద్ధి చేసిన నీళ్లలో క్లోరిన్‌లా కాపు కాసేది ఏమీ మిగలదు, అందుకని శుభ్రమైన బిందెలో మూతపెట్టి ఆ రోజుకు ఆ రోజే తాగండి. పాదరసపు దీపం నీలంగా వెలుగుతూనే ఉండి లోపల బలం తగ్గిపోతుంది. అది వెలుగుతోంది కదా అని ఊరుకోకుండా గడువుకు మార్పించండి. పాతది చెత్తబండిలో వేయకుండా, మార్చడానికి వచ్చినవారికే ఇవ్వండి. ఈ-వ్యర్థాల నిబంధనల్లో పాదరసపు దీపాలు కూడా ఉన్నాయి. ఒకవేళ పగిలితే పిల్లలను బయటికి పంపి కిటికీలు తెరవండి. చీపురుతో ఊడ్చకండి, గట్టి కాగితంతో ఎత్తి మూత ఉన్న సీసాలో వేయండి.

కరెంటు లేని పూట ఏ దీపమూ వెలగదు. ఆ పూటకు పొయ్యి మీద తెర్లేదాకా మరిగించిన నీళ్లే శ్రీరామరక్ష.