తప్పిపోయిన ఆడపిల్ల జాడ: కారమడై నుంచి మదురై దాకా

తప్పిపోయిన మనిషిని వెతకడం పోలీసుల పని అయి నూట అరవై ఏళ్లు దాటింది. అంతకుముందు అది ఊరి పని. బంధువులు, కులపెద్దలు, కావలివారు, ఎరుక చెప్పేవారు తలా ఒక తీరున జాడ తీసేవారు. కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు ఊళ్లలో ఈ పద్ధతులన్నీ చాలాకాలం పక్కపక్కనే సాగాయి. ముక్కూమొహం తెలియని యువతి ఏమైందో ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో తేల్చడానికి పూనుకునే ఔత్సాహికులు ఈ వరుసలో చివరివారు. ఈ పద్ధతులను విడదీసేది తెలివితేటల తేడా కాదు. చెప్పిన మాట తప్పయితే నష్టం భరించే పూచీ ఎవరిది అన్నదే.

తెలుగువారి స్థావరాలు

కారమడై కోయంబత్తూరుకు ఉత్తరాన, మేట్టుపాళయం దారిలో నీలగిరి కొండల వైపు ఉంది. ఇక్కడి రంగనాథస్వామి గుడికి మాసి నెలలో తేరు జరుగుతుంది. గుడి పుట్టుక కథలో నాయకుడు తొట్టియర్ కులానికి చెందిన పశువుల కాపరి. ఆవు ఇంటికొచ్చి పాలివ్వకపోతే అతను దాని వెంట నడుస్తాడు. అది కారె పొద మీద పాలు కారుస్తుంటే చూసి పొదను నరుకుతాడు, నెత్తురు కనిపిస్తుంది, అక్కడ స్వామి వెలుస్తాడు. పశువుల వెంట తిరిగేవారికి జాడ పట్టడం రోజువారీ పని కనుక ఊరి దేవుడి కథ కూడా అక్కడే మొదలైంది.

విజయనగర సైన్యాలు 14వ శతాబ్దిలో మదురై సుల్తానుల పాలనను అంతం చేశాయి. ఆ తరువాత తెలుగు నాయకులు, సేద్యగాళ్లు, నేతగాళ్లు దక్షిణానికి విడతలుగా వచ్చారు. 1529లో విశ్వనాథ నాయకుడితో మదురై నాయక రాజ్యం మొదలైందని సాధారణంగా లెక్కిస్తారు. దేశాన్ని 72 పాలెయాలుగా పంచిన ఏర్పాటును ఆయనకూ ఆయన దళవాయి అరియనాథ ముదలియారుకూ ఆపాదిస్తారు. పాలెగాళ్లలో చాలామంది తొట్టియర్లు, అంటే రాజకంబళం నాయకర్లు. 1799లో కయత్తారులో ఈస్టిండియా కంపెనీవారు ఉరితీసిన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్ వీరిలో వాడే. నల్లరేగడి నేలల్లో కమ్మ నాయుళ్లు, మగ్గాల ఊళ్లలో దేవాంగులు, వ్యాపారంలో బలిజలు స్థిరపడ్డారు. రాళ్లు కొట్టి బావులు తవ్విన ఒడ్డెలు, తోలుపని, కూలిపని చేసిన అరుంధతియర్లలో చాలామంది ఇంటిభాష కూడా తెలుగే.

కథలో మాయమైన కన్య

ఈ కులాలు తాము ఎందుకు వలస వచ్చామో చెప్పుకునే కథల్లో తరచుగా ఒక కన్య ఉంటుంది. బ్రిటిష్ అధికారులు నమోదు చేసిన తొట్టియర్ల కథ ప్రకారం, తుంగభద్రకు ఉత్తరాన ముస్లిం పాలకులు వాళ్ల పిల్లలను పెళ్లికి అడుగుతారు. కులమంతా రాత్రికి రాత్రే కదిలిపోతుంది. దారిలో దాటలేని ఏరు అడ్డం వస్తే రెండు గట్ల మీది కానుగ చెట్లు వంగి వంతెన అవుతాయి. అందుకే తమకు కానుగ పూజ్యమని వారు చెప్పుకున్నారు. కోమట్ల వాసవి కన్యక కథలో అడిగేవాడు విష్ణువర్ధనుడనే రాజు. పెనుగొండలో కన్యక 102 గోత్రాలవారితో అగ్నిప్రవేశం చేస్తుంది.

అడిగే రాజు మారినా కథ నడక ఒకటే. వలసకు చరిత్రకారులు చూపే కారణాలు వేరు: సైనిక కొలువు, సాగుకు ఖాళీ నేలలు, నేతకు కొత్త సంతలు, ఉత్తరాన యుద్ధాలు, కరువులు. కన్య కథ నిజంగా అలా జరిగిందనడానికి సాక్ష్యం కాదు. ఆడపిల్లను కాపాడుకోవడమే కులమర్యాదకు కొలమానం అనుకున్న సమాజం తన ప్రయాణాన్ని గుర్తుపెట్టుకున్న తీరు అది. తొట్టియర్లు కొలిచే జక్కమ్మ, బొమ్మక్క కూడా సహగమనం చేసిన స్త్రీలని 20వ శతాబ్ది ఆరంభపు రాతల్లో ఉంది. పెళ్లికాకుండా బావిలోనో చెరువులోనో పోయిన పిల్లను ‘కన్ని’గా ఇంటిదేవతను చేసి, పెట్టెలో కొత్త చీర పెట్టి కొలవడం దక్షిణ తమిళనాట అనేక కులాల్లో ఉన్నదే. ఆమె ఎలా పోయిందన్న ప్రశ్నకు పూజతో ముగింపు పడేది.

ఎరుక, అంజనం

జాడ తెలియనప్పుడు జనం ముందుగా వెళ్లింది ఎరుక చెప్పేవారి దగ్గరికి. బుట్ట, చేట, చేతికర్రతో ఊరూరా తిరిగే ఎరుకల స్త్రీలను తమిళనాట కురత్తి అంటారు. సోది చెప్పించుకునే ఇంటివారు చేటలో గింజలు పోసేవారు. తెల్లవారుజామున చిన్న డమరుకం ఆడిస్తూ జక్కమ్మ పేరు చెప్పుకుని వచ్చే కుడుకుడుప్పైకారర్ తెలుగునాట బుడబుక్కలవాడికి జోడు. తొట్టియర్లకు తమలోనే కోడంగి నాయకర్ ఉండేవాడు. పూజారి, సోదికాడు రెండూ అతనే. ఇక అంజనం ఉంది: తమలపాకు మీద కాటుక పూసి, చిన్నపిల్లవాడి చేత అందులోకి చూపించి, ఏ దిక్కు, ఏ నీళ్లు, ఏ మనిషి కనిపిస్తున్నారో అడుగుతారు.

ఇవన్నీ మాయ మీదే నడిచాయనుకోవడం సరికాదు. ఊరూరా తిరిగేవారికి నాలుగు ఊళ్ల కబుర్లు తెలుసు. పక్క ఊళ్లో కొత్తగా కాపురానికొచ్చిన జంట సంగతి వాళ్ల చెవిన ముందు పడుతుంది. అయితే సోది తప్పితే గింజలు వెనక్కి ఇచ్చే పని లేదు. చెప్పేవారికి పూచీ లేదు, ఎవరి మీద అనుమానం పడిందో ఆ మనిషికి తప్పించుకునే దారీ లేదు. బ్రిటిష్ ప్రభుత్వం మాత్రం దీన్ని తలకిందులు చేసి, సోది చెప్పేవారినే దొంగలకు వేగులని ముద్ర వేసింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు రాజధానిలో కురత్తిల కులమైన కొరవలను నమోదు చేసి, వాళ్ల రాకపోకలకు కట్టడి పెట్టింది. మద్రాసులో ఆ చట్టం 1947లో గానీ పోలేదు.

కులపంచాయితీ తీర్పు

తప్పిపోయిన యువతి తనంతట తానే వేరే కులంవాడితో వెళ్లిందని తేలితే వెతుకులాట అక్కడితో ఆగేది. మదురై జిల్లా గజెటీరు (1906)లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ తొట్టియర్ల ఆచారం ఒకటి రాశాడు. కులం బయటివాడితో సంబంధం పెట్టుకున్న స్త్రీని వెలివేసి, ఆమె చనిపోయినట్టే అని చాటడానికి ఆమె నగ ఒకదానికి అంత్యక్రియలు జరిపి కాల్చేవారు. మనిషి ఎక్కడో బతికే ఉన్నా ఊరి లెక్కలో కథ ముగిసిపోతుంది.

దీని ప్రభావం వెతుకులాట మీద మొదటి గంట నుంచే పడింది. పరువు పోతుందన్న భయంతో ఇంటివారు విషయం దాచేవారు. మేనమామ ఇంటికి పంపామనో, జబ్బుగా ఉందనో చెప్పేవారు. జాడ చెరిగిపోయాక గానీ బయటివారికి తెలిసేది కాదు. ఆ ఖాళీని ఊరి ఊహలు నింపేవి. ఆ ఊహల్లో తప్పు చేసినది ఎప్పుడూ ఆమే.

కావలి: పూచీ ఉన్న వెతుకులాట

సొత్తు పోయినప్పుడు పద్ధతి పూర్తిగా వేరు. ఊరికి, దారులకు కావలికారర్ ఉండేవాడు. ఒక్క ఊరికి పడికావలి, పెద్ద ప్రాంతానికి దేశకావలి. దేశకావలి హక్కు చాలాచోట్ల పాలెగాళ్లది. కాపలాకు ఊరు ధాన్యమో పైకమో ఇస్తుంది. దొంగతనం జరిగితే కావలికారర్ సొత్తు పట్టి తేవాలి, లేదా విలువ తానే కట్టివ్వాలి. అడుగుజాడ ఒక ఊరి పొలిమేర దాటితే వెతికే బాధ్యత ఆ ఊరి కావలివారికి మారుతుంది. పోయిన పశువుల ఆచూకీ చెప్పినవారికి ఇచ్చే ‘తుప్పుకూలి’ మదురై ప్రాంతంలో బాగా తెలిసిన మామూలు. దొంగతనం చేసినవారే మధ్యవర్తి ద్వారా ఆ కూలి పుచ్చుకోవడం దీనిలోని లోపం.

లోపాలున్నా ఈ పద్ధతికి ఒక గుణం ఉంది. తప్పుడు జాడ చెబితే నష్టం చెప్పినవాడిదే. ఎద్దు విషయంలో ఉన్న ఈ కట్టుబాటు ఆడపిల్ల విషయంలో లేదు. ఎద్దు పోతే కావలికారర్ బదులు చెప్పాలి, పిల్ల పోతే ఆమె తల్లిదండ్రులు ఊరికి బదులు చెప్పాలి.

ఠాణా, చట్టం

కోయంబత్తూరు 1799లో, మదురై ప్రాంతం 1801 నాటికి పూర్తిగా కంపెనీ చేతికి వచ్చాయి. పాలెగాళ్ల కావలి హక్కులు రద్దయ్యాయి. 1816 నాటి 11వ రెగ్యులేషన్ ఊరి పోలీసు పనిని గ్రామ మునసబుకు, తలయారికి అప్పగించింది. 1859 నాటి 24వ చట్టంతో మద్రాసు రాజధానికి ప్రత్యేక పోలీసు దళం ఏర్పడింది. 1872 సాక్ష్య చట్టం 108వ సెక్షన్ మరో ప్రశ్న తేల్చింది: ఏడేళ్లపాటు అయినవారెవరికీ కబురు లేని మనిషి బతికే ఉన్నాడనేవారే రుజువు చూపాలి. కులం ఒక్క పూటలో చనిపోయిందని తేల్చిన స్త్రీకి చట్టం ఏడేళ్లు గడువిచ్చింది.

2024 దాకా అమలులో ఉన్న 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 40వ సెక్షన్ ప్రకారం, అనుమానాస్పదంగా మనిషి మాయమైతే గ్రామాధికారి దగ్గరలోని మేజిస్ట్రేటుకో ఠాణాకో తెలపాల్సి ఉండేది. తమిళనాడులో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు 1980లో రద్దయ్యాక ఈ బాధ్యత గ్రామ పాలనాధికారి మీద పడింది. మదురైలో హైకోర్టు బెంచి 2004 జులైలో మొదలయ్యాక, కూతురు కనబడడం లేదని హెబియస్ కార్పస్ వేసే తల్లిదండ్రులకు చెన్నై ప్రయాణం తప్పింది. అలా కోర్టుకు వచ్చిన మేజరు యువతి, నా ఇష్టంతో వెళ్లానని చెబితే తిరిగి ఇంటికి పంపే అధికారం ఎవరికీ లేదు. 2013లో సుప్రీంకోర్టు రెండు తీర్పులిచ్చింది. పిల్లలు తప్పిపోయిన ఫిర్యాదులను కేసులుగా నమోదు చేయాలని మే నెలలోనూ, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరం కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని నవంబరులోనూ చెప్పింది.

రైలు, మిల్లు, పత్రిక

1873లో మేట్టుపాళయం దాకా, 1899లో అక్కడి నుంచి కూనూరు దాకా రైలు వచ్చింది. ఊరి పొలిమేరతో ఆగే అడుగుజాడ ఇక పనికిరాలేదు. మనిషి తేయాకు తోటలకు వెళ్లవచ్చు, కూలీలను కుదిర్చే కంగాణీ వెంట సిలోను, మలయా చేరవచ్చు. 1888లో కోయంబత్తూరులో స్టేన్స్ మిల్లు మొదలైంది, తరువాత నాయుడు కుటుంబాల మిల్లులు వచ్చాయి. ఆడవాళ్లు కూలికోసం ఇల్లు వదలడం మామూలైంది. తరువాతి కాలంలో, మూడేళ్లు పనిచేస్తే పెళ్లి ఖర్చుకు కొంత మొత్తం చెల్లిస్తామన్న ‘సుమంగళి’ పథకంలో చేరిన పిల్లలు మిల్లు హాస్టళ్లలో ఉంటూ ఇంటితో మాట్లాడటానికి కూడా అనుమతి అడగాల్సి వచ్చిందని కార్మిక సంఘాలు ఆరోపించాయి.

1942లో మదురైలో పుట్టిన ‘దిన తంతి’ పత్రిక నేరవార్తలను తేలిక తమిళంలో, పెద్ద శీర్షికలతో ఇచ్చింది. టీ బంకుల్లో ఒకరు పైకి చదివితే పదిమంది వినేవారు. ‘కాణవిల్లై’ (కనబడుట లేదు) ప్రకటన పక్కనే నేరవార్త ఉండటంతో చదువరి రెండింటినీ కలిపి తనే ఒక కథ అల్లేవాడు. కోయంబత్తూరు రచయిత రాజేష్‌కుమార్ వందల నేర నవలలతో ఆ అలవాటును పెంచాడు. తెలుగునాట కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ అదే పని చేశాడు.

ఇంటర్నెట్ ఔత్సాహికులు

ఈ పాఠకుడే తరువాత పరిశోధకుడయ్యాడు. అమెరికాలో 1968లో కెంటకీ రాష్ట్రంలో దొరికిన గుర్తు తెలియని యువతి మృతదేహం ఎవరిదో 1998లో టాడ్ మాథ్యూస్ అనే ఫ్యాక్టరీ కార్మికుడు కనుక్కున్నాడు. ఆమె చెల్లెలు ఇంటర్నెట్‌లో పెట్టిన వివరాలను మృతదేహం ఆనవాళ్లతో పోల్చి పోలీసులకు ఇచ్చాడు. వారు సమాధి తవ్వించి డీఎన్‌ఏతో నిర్ధారించారు. మరుసటి ఏడు ఇలాంటి పనికే డో నెట్‌వర్క్ అనే స్వచ్ఛంద సంస్థ పుట్టింది. దీనికి భిన్నమైన ఉదాహరణ 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పేలుళ్లప్పుడు కనిపించింది. నెల ముందే తప్పిపోయిన ఒక యువకుణ్ని ఇంటర్నెట్ జనం నిందితుడిగా తేల్చేశారు. అతనికి పేలుళ్లతో సంబంధమే లేదు. అప్పటికే చనిపోయి ఉన్నాడు.

రెండు ఉదాహరణల్లోనూ పనిచేసింది ఔత్సాహికులే. మొదటివాడు తన ఊహను పోలీసుల ముందు పెట్టి, రుజువు దొరికేదాకా ఆగాడు. రెండోవారు ఊహనే తీర్పుగా ప్రకటించి పక్కకు తప్పుకున్నారు. కావలికారర్‌కూ సోది చెప్పేవారికీ ఉన్న తేడా ఇదే. భారతదేశంలోనూ యువతి కనబడలేదన్న వార్త రాగానే ఫొటోలు, ఫోన్ నంబర్లు, ప్రేమ వ్యవహారాల కథలు వాట్సాప్‌లో తిరుగుతాయి. ఆమె క్షేమంగా తిరిగొచ్చినా అవి చెరిగిపోవు. జాడ చెప్పడం అందరికీ సులువైంది. తప్పుడు జాడకు చెప్పినవారే బదులు చెప్పాలన్న పాత కావలి కట్టుబాటు మాత్రం ఈ వెతుకులాటలోకి ఇంకా రాలేదు.