అద్దె కోసమా, ధర కోసమా? హైదరాబాద్‌లో అద్దె ఇంటి పెట్టుబడి నడిచిన దారి

హైదరాబాద్‌లో కోటి రూపాయల ఫ్లాటుకు నెలకు పాతికవేల అద్దె వస్తే చాలామంది యజమానులు సంతోషిస్తారు. అంటే ఏడాదికి 3 లక్షలు, పెట్టుబడి మీద 3 శాతం. ఆస్తి పన్ను, రంగులు, మరమ్మతులు, మధ్యలో ఇల్లు ఖాళీగా పడి ఉండే నెల తీసేస్తే అదీ మిగలదు. బ్యాంకు డిపాజిట్ వడ్డీయే ఇంతకన్నా నయం. అయినా రెండో ఇల్లు కొనేవాళ్లు తగ్గలేదు. ఇంత తక్కువ రాబడిని మనం ఎప్పటి నుంచి మామూలుగా తీసుకుంటున్నామో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. ఇరుకు బస్తీలను తొలగించి, అక్కడివారి కోసం అద్దె ఇళ్లు కట్టడం దాని పనుల్లో ఒకటి. ప్రైవేటు యజమానుల లెక్క వేరు. పెంకుటింటిని వాటాలుగా విడదీసి, పెరట్లో మరో రెండు గదులు వేసి, వచ్చిన అద్దెతో ఇల్లు గడుపుకునేవారు. పింఛను లేని ఇంటి పెద్దకు, భర్త పోయిన ఇల్లాలికి ఆ వాటాలే ఆధారం. ఇల్లు అమ్మితే ఎంతొస్తుందన్న ప్రశ్న వాళ్లకు అంతగా పట్టేది కాదు, ఒకటో తారీఖున అద్దె చేతికొస్తే చాలు.

ఈ లెక్కను ప్రపంచ యుద్ధాలు తారుమారు చేశాయి. ఇళ్ల కొరతతో అద్దెలు ఆకాశాన్ని అంటకుండా ప్రభుత్వాలు అడ్డుకట్ట వేశాయి. బొంబాయిలో 1918లోనే అద్దె నియంత్రణ మొదలైంది. 1947 నాటి చట్టం అక్కడి అద్దెలను 1940 స్థాయికి కట్టేసింది. హైదరాబాద్ రాష్ట్రం 1954లో తన చట్టం తెచ్చుకుంది. తెలంగాణకు, ఆంధ్రకు కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. న్యాయమైన అద్దెను తేల్చేటప్పుడు 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో నడిచిన అద్దెలను చూడాలని అందులో రాశారు. దాని మీద కొంత పెంచుకునే వీలున్నా, పప్పుఉప్పుల ధర ఏటా పెరుగుతుంటే అద్దె లెక్క మాత్రం యుద్ధకాలంలోనే ఆగిపోయింది.

కిరాయిదారును ఊరికే ఖాళీ చేయించే వీలూ లేదు. అద్దె ఎగ్గొట్టాడనో, ఇల్లు తనకే అవసరమనో యజమాని రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేయాలి. వలస వచ్చిన చిరుద్యోగికి ఈ రక్షణ నిజంగానే అండ. పెట్టుబడి పెట్టేవాడికి మాత్రం ధైర్యం సడలింది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్లకు చట్టం మినహాయింపు ఇచ్చినా, అది ఎల్లకాలం సాగడం సమానత్వానికి విరుద్ధమని 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వెంటనే ప్రభుత్వం కొత్త భవనాలకు పదేళ్ల మినహాయింపు ఇచ్చి, నెల అద్దె వెయ్యి దాటినవాటిని కూడా చట్టం నుంచి తప్పించింది. నిబంధనలు ఇలా మారుతూ ఉంటే యజమాని తన జాగ్రత్తలో తానున్నాడు. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించాల్సి ఉండేది కనుక పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకున్నాడు, బదిలీ ఉద్యోగికైతేనే ఇచ్చాడు, నమ్మకం కుదరకపోతే తాళం వేశాడు. దేశంలోని పట్టణాల్లో 1961లో దాదాపు 54 శాతంగా ఉన్న అద్దె ఇళ్ల వాటా 2011 నాటికి 28 శాతానికి పడిపోయింది. అదే 2011 జనాభా లెక్కల్లో కోటికి పైగా పట్టణ ఇళ్లు ఖాళీగా కనిపించాయి.

అద్దె మీద ఆశ తగ్గినకొద్దీ పెట్టుబడి చూపు ధర మీదికి మళ్లింది. 1977లో పుట్టిన హెచ్‌డీఎఫ్‌సీ జీతగాడికి ఇంటి అప్పును అందుబాటులోకి తెచ్చింది. 1987లో రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. ఆదాయపు పన్నులో అద్దె మీద 30 శాతం తగ్గింపు, అప్పు వడ్డీకి మినహాయింపు కలిసివచ్చాయి. అద్దెకిచ్చిన ఇంటిపై వచ్చే నష్టాన్ని జీతంలో చూపుకోవడానికి 2 లక్షల పరిమితి 2017లో గానీ రాలేదు. 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ తెరుచుకోవడంతో మాదాపూర్, కొండాపూర్ వైపు కొత్త కిరాయిదారులు వచ్చారు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో సొంతానికి కొనుక్కున్న చిన్న ఇళ్ల మీద అంతస్తులు లేచి పోర్షన్లు, హాస్టళ్లు అయ్యాయి. అమెరికా నుంచి పిల్లలు పంపిన డబ్బూ ఫ్లాట్లలోకి వచ్చింది. అద్దె ఈఎంఐకి కాస్త సాయం, అసలు లాభం అమ్మినప్పుడు అన్న లెక్క అప్పుడు స్థిరపడింది.

ఆ లెక్క ఫలించింది కూడా. అయితే ఫలించింది నేల వల్ల. కట్టడం ఏటేటా పాతబడుతుంది, విలువ పెరిగేది దాని కింది గజాలకే. కాలనీ ఇంటి యజమానికి నేలంతా తనదే. అయిదు వందల గజాల్లో పది ఫ్లాట్లు కట్టిన పాత అపార్ట్‌మెంటులో తలా యాభై గజాలు వచ్చేవి. 2006లో జీవో 86 నిర్మాణ విస్తీర్ణంపై పరిమితిని ఎత్తేశాక నగరం పైపైకి పెరిగింది. ఎకరమంటే 4,840 గజాలు. అందులో రెండు వందల ఫ్లాట్లు లేస్తే ఒక్కొక్కరి అవిభాజ్య వాటా పాతిక గజాలు కూడా ఉండదు.

కాబట్టి తండ్రి కొన్న ఇల్లు ముప్పై ఏళ్లలో ఎన్ని రెట్లయిందో చూసి నలభయ్యో అంతస్తులో ఫ్లాటు కొనేవాడు తండ్రి కొన్నదే కొంటున్నాననుకుంటే పొరపాటు. వాటాల ఇంటి యజమానికి అద్దె ఉంది, కాలనీ ఇంటి యజమానికి నేల ఉంది. ఈనాటి కొనుగోలుదారుడికి రెండూ పలచబడ్డాయి. డిపాజిట్‌ను రెండు నెలల అద్దెకు పరిమితం చేసి, తగాదాలను త్వరగా తేల్చాలన్న 2021 నాటి కేంద్ర నమూనా అద్దె చట్టం యజమాని భయాన్ని కొంత తగ్గించవచ్చు గానీ ఆ 3 శాతాన్ని పెంచలేదు. ఇరవై ఏళ్లు ఉంచుకుందామని కొనేవాడు రిజిస్ట్రేషన్‌కు ముందే రెండు అంకెలు కాగితం మీద వేసుకోవాలి: ఖర్చులు పోను ఏటా మిగిలే అద్దె, దస్తావేజులో తన పేరన వచ్చే గజాలు. రెండూ చిన్నవైతే ఆ ధర ఎక్కువే.